పాట ఒకరిది, హక్కు మరొకరిది: విల్లీ డిక్సన్ బ్లూస్ నేపథ్యం

అమెరికా బ్లూస్ సంగీతంలో పాట రాసినవారికి దక్కాల్సిన సొమ్ము గురించి ఎప్పుడు చర్చ వచ్చినా మొదట వినిపించే పేర్లలో విల్లీ డిక్సన్ ఒకటి. 1915లో మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో పుట్టిన ఆయనకు ప్రాసలు కట్టే అలవాటు తల్లి నుంచి వచ్చింది. 1936లో షికాగో చేరి, మరుసటి ఏడాదే ఇల్లినాయ్ గోల్డెన్ గ్లవ్స్ హెవీవెయిట్ బాక్సింగ్ పోటీలో గెలిచారు. రెండో ప్రపంచ యుద్ధంలో, తన నల్లజాతిని అణచివేసే దేశం కోసం ఆయుధం పట్టనని చెప్పి జైలుకు వెళ్లారు.

1950లలో షికాగోలోని చెస్ రికార్డ్స్ అనే రికార్డు సంస్థలో ఆయన చేయని పని లేదు. పాటలు రాయడం, బేస్ వాయించడం, గాయకులను వెతికి తేవడం, రికార్డింగులు నడిపించడం అన్నీ ఆయనవే. ఏ గొంతుకు ఏ మాట నప్పుతుందో పసిగట్టడమే ఆయన అసలు విద్య. మడ్డీ వాటర్స్ 1954లో పాడిన ‘హూచీ కూచీ మ్యాన్’ వింటే ఇది తెలుస్తుంది. వాద్యాలన్నీ ఒక్క దెబ్బ వేసి ఆగిపోతాయి, ఆ ఖాళీలో గాయకుడు ఏడో సంఖ్య మహిమ, తాయెత్తులు, నల్ల పిల్లి ఎముక వంటి దక్షిణాది నమ్మకాలను గొప్పగా చాటుకుంటాడు. క్లబ్బులో విరామ సమయంలో, మరుగుదొడ్డిలోనే ఈ పాటను మడ్డీకి నేర్పానని డిక్సన్ చెప్పుకున్నారు.

అయితే ఆ పాటల ప్రచురణ హక్కులు ఆర్క్ మ్యూజిక్ చేతిలో ఉండేవి. చెస్ రికార్డ్స్ యజమానులైన చెస్ సోదరులు, జాజ్ కళాకారుడు బెన్నీ గుడ్‌మన్ సోదరులతో కలిసి 1953లో పెట్టిన సంస్థ అది. కూలి ఇచ్చే యజమానికే పాట మీద వచ్చే ఆదాయంలోనూ వాటా ఉన్నప్పుడు, లెక్కలు అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది? 1964లో రోలింగ్ స్టోన్స్ ‘లిటిల్ రెడ్ రూస్టర్’ను బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేర్చినా, ఆ తర్వాత డోర్స్, క్రీమ్ బృందాలు ఆయన పాటలను కోట్ల మందికి వినిపించినా, తనకు రావాల్సినంత రాలేదన్నది డిక్సన్ ఫిర్యాదు. 1970లలో ఆయన, మడ్డీ వాటర్స్ ఆర్క్ మీద దావా వేశారు. అది కోర్టు బయట రాజీతో ముగిసింది. తర్వాత తన పాటల హక్కులను ఆయన తిరిగి సంపాదించుకున్నారు. తాను రాసిన 1962 నాటి ‘యూ నీడ్ లవ్’ మాటలు రాక్ బృందం లెడ్ జెప్లిన్ 1969లో తెచ్చిన ‘హోల్ లాటా లవ్’లో ఉన్నాయంటూ 1985లో వేసిన దావా కూడా రెండేళ్లకు రాజీతోనే తేలింది. ఆపై ఆ పాట రచయితల జాబితాలో ఆయన పేరు చేరింది.

ఇందులో చిక్కు లేకపోలేదు. డిక్సన్ ‘స్పూన్‌ఫుల్’కు 1929లోనే చార్లీ పాటన్ పాడిన పాట మూలమని చాలామంది అంటారు. నోటి నుంచి నోటికి పాకిన సంప్రదాయంలో గీత ఎక్కడ గీయాలో చెప్పడం కష్టమే. కానీ పాతదాన్ని తిరగరాసి కొత్త ప్రాణం పోసినవాడికి ఒక న్యాయం, దాన్ని పేరు చెప్పకుండా వాడుకుని లాభపడినవారికి మరో న్యాయం అంటే ఒప్పుకోవడం ఇంకా కష్టం.

రాయల్టీలు అందని పాత కళాకారుల తరఫున నిలబడేందుకు 1980లలో ఆయన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్‌ను స్థాపించారు. 1992లో ఆయన మరణించాక, మిషిగన్ అవెన్యూలోని చెస్ రికార్డ్స్ పాత భవనాన్ని భార్య మేరీ ఈ ఫౌండేషన్ కోసం కొన్నారు.