'రివర్ట్' అంటే జవాబివ్వడమేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసే తెలుగువారికి ఆఫీసు ఇంగ్లీషు నేర్పే నాకు వాళ్ల ఈమెయిళ్లలో తరచుగా ఎదురయ్యే క్రియ 'రివర్ట్'.

అపోహ: 'రివర్ట్' అంటే ప్రత్యుత్తరమివ్వడం.

వాస్తవం: లాటిన్ నుంచి వచ్చిన ఈ క్రియకు మునుపటి స్థితికి తిరిగి వెళ్లడమే ప్రధానార్థం. గడువు తీరాక ఆస్తి మళ్లీ అసలు యజమానికో, అతని వారసులకో దక్కడాన్ని న్యాయపత్రాల్లో ఈ క్రియతోనే చెబుతారు. భారత్, సింగపూర్, మలేషియా కార్యాలయాల్లో మాత్రం ఇది 'రిప్లై'కి బదులుగా స్థిరపడిపోయింది. అందుచేత 'ప్లీజ్ రివర్ట్ ఆన్ ద న్యూ డిజైన్' అని రాస్తే కోరమంగళలోని సహోద్యోగి తన అభిప్రాయం పంపిస్తాడు గానీ, లండన్‌లోని క్లయింటు కొత్త డిజైన్ మానేసి పాతదానికే వెళ్లమంటున్నారేమోనని తికమకపడవచ్చు. విదేశాలకు రాసేటప్పుడు 'రిప్లై' అంటే ఏ పేచీ ఉండదు.

అపోహ: జవాబు అనే అర్థంలో వాడడం ఒట్టి అజ్ఞానం.

వాస్తవం: ఇలా వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. వదిలేసిన ప్రస్తావనకు మళ్లీ రావడమనే అర్థం బ్రిటిష్ ఇంగ్లీషులోనూ ఉన్నదే. అక్కడి నుంచి 'ఆ విషయమై మళ్లీ తెలియజేస్తాను' అనే వాడుక ఎంతో దూరం కాదు. చదివేవారు మన దేశంవారైతే దాన్ని దిద్దను. కానీ 'రివర్ట్ మీ' అని రాస్తే తప్పక దిద్దుతాను, ఎందుకంటే ఈ అర్థంలో మనిషికి ముందు 'టు' ఉండాలి.

అపోహ: 'రివర్ట్ బ్యాక్' అంటే మర్యాద ఎక్కువ.

వాస్తవం: అది పునరుక్తి మాత్రమే. వెనక్కి అన్న భావం 'రి'లోనే ఉంది.

అపోహ: గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే సాఫ్ట్‌వేర్‌లో) రివర్ట్ చేస్తే పాత కమిట్ (అప్పుడు నమోదు చేసిన మార్పు) చెరిగిపోతుంది.

వాస్తవం: చెరిగిపోదు. పాత కమిట్‌లోని మార్పులను తిరగ్గొట్టే కొత్త కమిట్ ఒకటి చేరుతుంది, చరిత్రలో రెండూ నిలిచి ఉంటాయి. పదిమంది పంచుకునే బ్రాంచిలో (కోడ్ శాఖలో), చరిత్రనే వెనక్కి జరిపే రీసెట్ కంటే రివర్ట్ మేలనడానికి కారణమిదే. ఈ అర్థంలో క్రియకు నేరుగా కర్మ వస్తుంది కనుక 'ఐ రివర్టెడ్ ద చేంజ్' అంటే మార్పును రద్దు చేశానని అర్థం. మధ్యలో 'ఆన్' చేరిస్తే, మన ఆఫీసుల్లో, ఆ మార్పు గురించి జవాబిచ్చానని అర్థం. రిలీజ్ ముందు రోజు టికెట్‌లో (పని వివరాలు రాసుకునే నమోదులో) 'ఆన్' అనే ఆ చిన్న మాట జారిపోతే, ఇంకా నడుస్తున్న కోడ్‌ను తీసేశారనుకుని టెస్టింగ్ బృందం పరీక్ష ఆపేసే ప్రమాదముంది.