తలుపు సందులోంచి వచ్చిన మంచు

హనుమకొండ

పిల్లలూ,

దసరా నాడు జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్ళు మొక్కారు. రెండు రోజులు ఇల్లంతా సందడి చేసి వెళ్ళారు. మీరు బస్సెక్కిన తెల్లారి ఫ్రీజర్ తలుపు తీస్తే పై రెండు అరల్లో దూది పరిచినట్టు తెల్లగా మంచు! మటన్ కవర్ కొస ఒకటి తలుపు రబ్బరుకు అడ్డం పడి, రాత్రంతా చిన్న సందు ఉండిపోయింది. ఆ కవర్ ఎవరు పెట్టారో నేను అడగను. కానీ ఫోన్‌లో ఈ సంగతి చెప్పినప్పుడు చిన్నోడు ఒక మాట అడిగాడు. "తలుపు తెరిచి ఉంటే ఉన్న మంచు కరగాలి కదా తాతా, కొత్త మంచు ఎట్లా వచ్చింది?" ఎంత మంచి ప్రశ్న! ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. మీ దోస్తులకు కూడా చదివి వినిపించండి.

ఎనుమాముల మార్కెట్ దగ్గర కోల్డ్ స్టోరేజీలో నేను చాలా ఏళ్ళు మెషిన్ రూమ్‌లో పనిచేశానని మీకు తెలుసు. మే నెలలో బయట 44 డిగ్రీల ఎండ, లోపల మిర్చి బస్తాలు చలిలో. పనిలో చేరిన కొత్తలో మా పెద్ద మెకానిక్ నాకు నేర్పిన మొదటి మాట ఇది. మెషిన్ చలిని తయారు చెయ్యదు, లోపలి వేడిని బయటికి మోస్తుంది. మార్కెట్లో హమాలీ బస్తాను ఒకచోట ఎత్తి ఇంకోచోట దించినట్టే. అక్కడ పైపుల్లో అమ్మోనియా తిరిగేది. ఇంట్లో బీరువాలా నిలబడే ఫ్రీజర్‌లో వేరే గ్యాస్ తిరుగుతుంది. పని మాత్రం ఒక్కటే.

బాపమ్మ వరండాలో పెట్టే రంజన్‌ను గుర్తు తెచ్చుకోండి. కుండ బయట ఊరిన తడి ఆవిరవుతూ లోపలి నీళ్ళ వేడిని పట్టుకుపోతుంది. ఫ్రీజర్ లోపలి గొట్టాల్లోనూ ద్రవం ఆవిరవుతూ మటన్‌లో, చేపల్లో ఉన్న వేడిని లాక్కుంటుంది. అయితే ఆ ఆవిరిని గాలిలోకి వదలరు. కంప్రెసర్ దాన్ని నొక్కి వెనక గొట్టాల్లోకి పంపుతుంది. అక్కడ అది వేడిని వదిలి మళ్ళీ ద్రవమై లోపలికి వస్తుంది. కొన్ని ఫ్రీజర్లలో ఆ గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి. చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, దానికి భయపడక్కర్లేదు.

ఇప్పుడు చిన్నోడి ప్రశ్నకు వస్తాను. ఫ్రీజర్ లోపల మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. సందులోంచి రాత్రంతా వంటింటి గాలి లోపలికి పోయింది. దసరా నాటికి వానలు పూర్తిగా పోవు, గాలిలో తేమ బాగా ఉంటుంది. ఆ తేమ చల్లటి గొట్టాలకు తగలగానే నీళ్ళు కూడా కాకుండా నేరుగా మంచుగా అంటుకుపోయింది. సందు చిన్నది, కంప్రెసర్ ఆగకుండా నడుస్తోంది, అందుకే కరగడం కన్నా పేరుకోవడం ఎక్కువైంది. అంటే అది ఫ్రీజర్ చేసిన మంచు కాదు నాయనా, మన ఇంటి గాలిలోని నీళ్ళే.

మంచు ఎక్కువుంటే చల్లదనం ఎక్కువ అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. గొట్టాల మీద మంచు అంటే గొంగడి కప్పినట్టు. లోపలి వేడి గొట్టం దాకా చేరదు. హమాలీ అక్కడే నిలబడి ఉంటాడు, బస్తా చేతికి అందదు. కంప్రెసర్ పొద్దస్తమానం నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, చేపలు మాత్రం మెత్తగానే ఉంటాయి. మంచు అర సెంటీమీటరు దాటితే కరిగించాల్సిందే.

మొన్న నేను అదే చేశాను. ప్లగ్ తీసేసి, సామానంతా పాత పేపర్లలో చుట్టి, దగ్గర దగ్గరగా పేర్చి పైన దుప్పటి కప్పాను. తలుపు బార్లా తెరిచి, అరలో మడిచిన తువ్వాల మీద వేడినీళ్ళ గిన్నె పెట్టాను. కింద పాత బట్టలు పరిచాను. రెండు గంటల్లో మంచు పలకలు పలకలుగా ఊడి వచ్చింది. వంట సోడా కలిపిన నీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరాక ఆన్ చేసి, లోపల బాగా చల్లబడ్డాకే సామాను సర్దాను.

ఇక్కడ మీరు నాకు ఒక మాట ఇవ్వాలి. ఎంత తొందరున్నా కత్తితోనో, స్క్రూడ్రైవర్‌తోనో మంచు గీకొద్దు. మా తమ్ముడింట్లో అట్లా గీకితే గొట్టానికి బెజ్జం పడి, సుయ్‌మని గ్యాసంతా పోయింది. ఆ ఫ్రీజర్ మళ్ళీ పనికి రాలేదు. ఇప్పుడొచ్చే చాలా ఫ్రీజర్లలో ఉండేది ఐసోబ్యూటేన్. వెనక స్టిక్కర్ మీద ఆర్-600ఎ అని రాసి ఉంటుంది. అది మన వంటగ్యాస్ జాతిదే, అంటుకుంటుంది. అట్లాంటి చప్పుడు వినిపిస్తే అగ్గిపుల్ల గీయొద్దు, స్విచ్‌లు ముట్టొద్దు. కిటికీలు తెరిచి బయటికి వచ్చి పెద్దవాళ్ళను పిలవండి.

హైదరాబాద్‌లో మీ ఇంట్లో ఉన్నది ఫ్రాస్ట్ ఫ్రీ. అందులో గొట్టాలు వెనక పలక చాటున దాక్కుని ఉంటాయి. ఒక హీటర్ అప్పుడప్పుడు వాటి మంచును కరిగిస్తుంది, ఆ నీళ్ళు చిన్న రంధ్రంలోంచి కింది ట్రేలోకి పోయి ఆవిరవుతాయి. ఫ్రీజర్ అడుగున ఐస్ పలక కట్టిందంటే ఆ రంధ్రం మూసుకుపోయినట్టే. మోటార్ నడుస్తున్నా లోపల చల్లబడకపోతే, సామాను తీసేసి, ప్లగ్ తీసి, ఒక రోజంతా తలుపు తెరిచి ఉంచమని అమ్మకు చెప్పండి. తర్వాత కొన్ని రోజులు బాగా పనిచేసి మళ్ళీ మెత్తబడితే, హీటరో దాని సెన్సారో పోయి ఉండొచ్చు. మెకానిక్‌కు ఈ మాట చెప్తే అతని పని సగం తగ్గుతుంది.

ఏ ఫ్రీజర్ అయినా చల్లగా లేదంటే గ్యాస్ అయిపోయిందని ముందే టెన్షన్ పడొద్దు. పైపు పగిలితే తప్ప గ్యాస్ దానంతట అది ఖర్చు కాదు. ప్లగ్ సరిగా ఉందా, నాబ్ ఎవరైనా తిప్పారా చూడండి. తర్వాత తలుపులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. పట్టు లేకుండా జారి వస్తే అక్కడ రబ్బరు వదులైంది. చుట్టూ నాలుగు వైపులా అట్లాగే చూడాలి. ఎక్కువసార్లు రబ్బరుకు అంటిన జిగటే కారణం. సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిస్తే చాలు. ఫ్రీజర్ ముందు కాళ్ళు కొంచెం ఎత్తుగా ఉంటే తలుపు దానంతట అదే మూసుకుంటుంది.

అదీ బాగుంటే ఫ్రీజర్ వెనక చూడండి. గొట్టాలు బయటికి కనిపించే రకమైతే వాటి మీద దుమ్ము, సాలెగూళ్ళు ఉంటాయి. అప్పుడు వేడి బయటికి పోదు. ఫ్రీజర్‌ను గోడకు ఆనించి పెట్టినా అంతే. హమాలీ బస్తా మోసుకొచ్చాడు, దించే చోటే లేదు. ఆరు నెలలకొకసారి ప్లగ్ తీసి మెత్తటి బ్రష్‌తో దులిపి, గోడకు జానెడు దూరం జరపమని నాన్నకు చెప్పండి.

కొన్ని నిమిషాలకోసారి టిక్‌మని చప్పుడై, గుయ్‌మని మళ్ళీ ఆగిపోతుంటే కంప్రెసర్ లేవలేకపోతోందని అర్థం. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజ్ పడిపోయినప్పుడు ఇట్లా అవుతుంది. వెంటనే ఆఫ్ చెయ్యాలి. కరెంటు పోయి వచ్చినా ఐదు నిమిషాలు ఆగాకే ఆన్ చెయ్యాలి. అప్పటికి గొట్టాల్లో గ్యాస్ ఒత్తిడి సర్దుకుంటుంది. టైమర్ ఉన్న స్టెబిలైజర్ ఈ పని తనే చూసుకుంటుంది.

కరెంటు ఎక్కువసేపు పోతే తలుపు తీయకుండా ఉండడమే మందు. బీరువా ఫ్రీజర్ తలుపు తీయగానే బరువైన చల్లగాలి కాళ్ళ మీదికి జారిపోతుంది, మీరూ గమనించే ఉంటారు. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసి ఉంచితే రెండు రోజులు, సగమే ఉంటే ఒక రోజు ఆగుతుందని లెక్క. మన ఎండల్లో ఇంకా తక్కువే అనుకోండి. మాంసం పూర్తిగా మెత్తబడి రెండు గంటలు దాటి వెచ్చగా ఉండిపోతే పారేయాలి. వాసన రాలేదు కదా అనుకోవద్దు. గడ్డకట్టిన మాంసంలో క్రిములు చావవు, నిద్రపోతాయి అంతే.

మనం ఊళ్ళో లేనప్పుడు కరెంటు పోయిందో లేదో తెలుసుకోవడానికి పై అరలో ఒక స్టీలు గ్లాసు పెట్టాను. అందులో గడ్డకట్టిన నీళ్ళ మీద రూపాయి బిళ్ళ ఉంది. ఐస్ కరిగితే బిళ్ళ అడుగుకు పోతుంది, మళ్ళీ గడ్డకట్టినా పైకి రాదు. ఈ నెలాఖరుకు నేనూ బాపమ్మా పది రోజులు ములుగు వెళ్తున్నాం. సంక్రాంతికి మీరు వచ్చేదాకా ఆ గ్లాసును కదిలించను. తలుపు తీయగానే ముందు బిళ్ళ ఎక్కడుందో చూసి నాకు చెప్పండి. పైనే ఉంటే, రెండో అరలో ఎడమ పక్కన మీకోసం దాచిన సీతాఫలం గుజ్జు డబ్బా తీసుకోండి. తీశాక తలుపు గట్టిగా మూయండి.

మీ తాత