ఆ గుహ మళ్లీ ఎందుకొచ్చింది? ఫాంటసీ ఆర్‌పీజీల హైప్, బడ్జెట్‌లపై అపోహలు - వాస్తవాలు

పెద్ద ఫాంటసీ ఆర్‌పీజీ (ఆటగాడే ఒక పాత్రగా మారి కథ నడిపే గేమ్) ఏది విడుదలైనా వారం తిరక్కుండానే రెండు మాటలు వినబడతాయి. "ఇన్నేళ్లు ఊరించి చివరికి ఇచ్చింది ఇదా?" అనేది ఒకటి. "అంతా బద్ధకం" అనేది ఇంకొకటి. హైదరాబాద్‌లో ఉండి విదేశీ స్టూడియోల గేములకు ఎన్విరాన్‌మెంట్ ఆర్ట్ చేసే టీమ్‌లో షెడ్యూళ్లు చూసుకోవడం నా పని. మీరు పట్టించుకోకుండా దాటిపోయే పీపా, కూలిన గోడ, నాచు పట్టిన మెట్టు, అన్నీ ఎవరో ఒకరి టాస్క్ లిస్టులో రోజుల లెక్కన ఉంటాయి. ఆ రెండు మాటల్లో మొదటిదానికి చాలాసార్లు న్యాయం ఉంటుంది. రెండోదానికి దాదాపు ఎప్పుడూ ఉండదు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు కూడా మొదటి నెలలో ఇవే మాటలు అంటారు కాబట్టి ఒక్కొక్కటిగా చెబుతాను.

అపోహ: ఒకే గుహను పదిసార్లు చూపించారంటే ఆర్టిస్టులు పని ఎగ్గొట్టారు

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ డ్రాగన్ ఏజ్ 2. ఏ క్వెస్ట్‌కి వెళ్లినా అదే గుహ, అదే గోదాము, అదే భవంతి. ఒకసారి ఈ వైపు తలుపు మూసి ఉంటుంది, ఇంకోసారి ఆ వైపు. మూసేసిన గదులు మినీ మ్యాప్‌లో మాత్రం అలాగే కనిపించేవి. జనం నవ్వుకోక ఏం చేస్తారు?

ఇప్పుడు తేదీలు చూడండి. మొదటి గేమ్ ఆరిజిన్స్‌ను 2004లో ప్రకటించారు, 2009 నవంబర్‌లో విడుదల చేశారు. రెండోది 2011 మార్చికల్లా వచ్చేసింది. మధ్యలో ఉన్నది 16 నెలలు. ఒక గుహకి ముందు బూడిదరంగు డబ్బాలతో కొలతలు వేస్తారు. తర్వాత రాళ్లు, స్తంభాలు, మలుపులు విడివిడి ముక్కలుగా చేస్తారు. లైటింగ్ పెడతారు. ఆటగాడు గోడలోంచి దూరిపోకుండా కొలిజన్ వేస్తారు. వెంట వచ్చే ముగ్గురు సహచరులు స్తంభానికి తగులుకుని అక్కడే నడుస్తూ ఉండిపోకుండా దారులు గుర్తిస్తారు. కన్సోల్ మెమరీలో పట్టేలా కోస్తారు, టెస్టింగ్‌కి పంపుతారు. అది తిరిగొచ్చాక మళ్లీ మొదటికి. ఇందులో చూడ్డానికి అందంగా చేసే భాగం చాలా చిన్నది.

తిరిగి వాడటంలో తప్పేమీ లేదు. స్కైరిమ్‌లో మీకు నచ్చిన నేలమాళిగలన్నీ అదే పద్ధతిలో, కొన్ని ముక్కల కిట్‌లను రకరకాలుగా పేర్చి చేసినవే. ఆ టీమ్ సుమారు 100 మంది. పేర్చిన సంగతి కనబడకుండా దాచడానికి కూడా సమయం కావాలి. డ్రాగన్ ఏజ్ 2 టీమ్‌కి దొరకనిది ఆ సమయమే. షెడ్యూలు వేసేది ఆర్టిస్టులు కాదు.

అపోహ: ట్రైలర్‌లో బాగా చూపించి, కావాలనే గ్రాఫిక్స్ తగ్గించి మోసం చేస్తారు

విచర్ 3కి 2013లో వచ్చిన ట్రైలర్, 2015 మేలో వచ్చిన గేమ్ పక్కపక్కన పెట్టి ఎన్ని వీడియోలు చేశారో లెక్కలేదు. తేడా ఉన్నమాట నిజం. స్టూడియో వాళ్లే తర్వాత ఒప్పుకున్నారు. మొదట ఎంచుకున్న రెండరింగ్ (తెరపై బొమ్మ గీసే) పద్ధతి చిన్న సన్నివేశాల్లో బాగా పనిచేసింది. పగలు-రాత్రి మారే, ఆటగాడు ఎటైనా తిరగగలిగే పెద్ద ఓపెన్ వరల్డ్‌కి అది తట్టుకోలేకపోయింది, మార్చక తప్పలేదని వివరించారు.

ట్రైలర్ తీసేనాటికి గేమ్ ఉండదు. గేమ్‌లోని ఒక్క మూల మాత్రం ఉంటుంది. ఆ మూలను మెరుగుపెట్టి చూపిస్తారు. ఆ పనికి పెట్టిన నెలలు అసలు గేమ్‌కి ఉపయోగపడవు, అది వేరే బాధ. మోసం చేయాలని చేశారని నేననుకోను. కానీ "ఇది మారొచ్చు" అన్న ఒక్క ముక్క ట్రైలర్‌పై పెద్దక్షరాల్లో వేయడానికి మార్కెటింగ్ వాళ్లకు చేతులు రావు. జనం కోపానికి సగం కారణం అదే.

అపోహ: నా నిర్ణయాలు కథను మార్చాలి, ఇంత బడ్జెట్ పెట్టి అది కూడా చేయలేరా?

అన్నిటికంటే ఖరీదైన కోరిక ఇదే. ఊరిపెద్దను చంపాలా వదలాలా అని గేమ్ అడిగిందనుకోండి. చంపితే అతని కూతురు తర్వాతి అధ్యాయంలో పగతో రావాలి. వదిలితే అతనే సాయానికి రావాలి. రెండు సన్నివేశాలు రాయాలి, ఇద్దరు స్వరనటుల చేత రికార్డు చేయించాలి, రెండింటికీ ముఖకవళికలు చేయాలి, ఎన్ని భాషల్లో విడుదలైతే అన్ని భాషల్లోకీ మార్చాలి. ఒక ఆటగాడు చూసేది అందులో సగమే. ఇలాంటి నిర్ణయాలు పది ఉంటే, ఒకదానితో ఒకటి కలిసి పుట్టే దారులు వెయ్యి దాటతాయి. అందుకే రచయితలు దారిని విడగొట్టి, రెండు సన్నివేశాల తర్వాత మళ్లీ కలిపేస్తారు. మీరు "అరే, ఏదెంచుకున్నా ఒకటేనా" అని గుర్తుపట్టేది ఆ కలిపిన చోటే.

దీన్ని చవగ్గా చేసే పద్ధతి లేకపోలేదు. 2015లో వచ్చిన అండర్‌టేల్ మీరు ఎవరిని చంపారో, ఎవరిని వదిలారో భలేగా గుర్తుపెట్టుకుంటుంది. దానికి జనం నుంచి ముందే డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో అడిగింది 5,000 డాలర్లు, వచ్చింది 51,000 పైచిలుకు. అందులో స్వరనటులు లేరు, సినిమాటిక్‌లు లేవు. ఉన్నవి అక్షరాలు, పిక్సెల్ బొమ్మలు. వాక్యం మార్చడానికి రచయితకి పది నిమిషాలు చాలు. అదే వాక్యాన్ని నటుడు పలికి, మోషన్ క్యాప్చర్ (నటుడి కదలికల రికార్డింగ్) కూడా అయిపోయాక మార్చాలంటే స్టూడియో మళ్లీ బుక్ చేయాలి.

రెండో కొసన ఉంది బాల్డర్స్ గేట్ 3. విడుదలకు ముందు "17,000 ముగింపులు" అన్న అంకె తెగ తిరిగింది. ఎవరు బతికారు, ఎవరు మీతో ఉన్నారు లాంటి చిన్న తేడాలన్నీ కలిపి లెక్కేసిన వైవిధ్యాలవి, 17,000 వేర్వేరు కథలు కావు. ఇలాంటి అంకెలు బయటికి వదలడం నాకు నచ్చదు. అవి ఎవరి ఊహకు తగ్గట్టు వాళ్లకు పెరిగిపోతాయి. అంత పెద్ద గేమ్‌లోనూ మూడో అంకం పలచబడిందని, సహచరుల కథలు తటాలున ముగిశాయని అన్నవాళ్లున్నారు. సరైన వీడ్కోలు సన్నివేశం విడుదలైన దాదాపు నాలుగు నెలల తర్వాత, 2023 నవంబర్ చివర్లో ఐదో ప్యాచ్‌లో వచ్చింది.

ఆ గేమ్ వెనకున్న పరిస్థితులు కూడా మామూలువి కావు. దాన్ని చేసిన లేరియన్ స్టూడియోకు అంతకుముందే డివినిటీ: ఒరిజినల్ సిన్ రెండు భాగాలు చేసిన అనుభవం ఉంది, ఆ రెండింటికీ కిక్‌స్టార్టర్ అండ ఉంది. బెల్జియం నుంచి మలేషియా దాకా ఆఫీసులు, 400కు పైగా మనుషులు. కంపెనీ పగ్గాలు వ్యవస్థాపకుడి చేతిలోనే ఉన్నాయి. 2020 అక్టోబర్ నుంచి 2023 ఆగస్టు దాకా ఎర్లీ యాక్సెస్‌లో, అంటే గేమ్ పూర్తికాకముందే, మొదటి అంకం అమ్ముతూ, ఆడేవాళ్ల మాట వింటూ పనిచేశారు. పూర్తి గేమ్ రాకముందే 20 లక్షలకు పైగా కాపీలు పోయాయి. "ఇకపై అందరూ ఇలాగే చేయాలి" అని జనం అన్నప్పుడు కొందరు డెవలపర్లు "దీన్ని కొలబద్దగా పెట్టుకోకండి" అని బతిమాలారు, తిట్లు తిన్నారు. డబ్బు లెక్కలో వాళ్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కాకపోతే జనం అడిగింది వేరే. 174 గంటల సినిమాటిక్‌లు కావాలని ఎవరూ పట్టుబట్టలేదు. 60 డాలర్లు తీసుకున్నాక మళ్లీ లోపల దుకాణం పెట్టొద్దు, సగం ఉడికింది వడ్డించొద్దు అన్నారు. ఆ కోరిక న్యాయమైనదే.

అపోహ: ముప్పై మంది కలిసి ఎక్స్‌పెడిషన్ 33 చేశారు, మిగతావాళ్లకేం రోగం?

2025 ఏప్రిల్‌లో క్లేర్ ఆబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 వచ్చినప్పటి నుంచి ఈ మాట వినని రోజు లేదు. ఫ్రాన్స్‌లోని మాంపెల్లియేలో ఉన్న శాండ్‌ఫాల్ స్టూడియోలో మూల బృందం సుమారు 30 మందే. నిజమే. గేమ్ ముగిశాక క్రెడిట్స్ దాటేయకుండా ఒక్కసారి చివరిదాకా చూడండి. పోరాట కదలికలు చేసిన కొరియా యానిమేటర్లు, బయటి టెస్టింగ్ కంపెనీల వాళ్లు, అనువాదకులు, స్వరనటులు, వాద్యకారులు, గాయనీగాయకులు వరుసగా వస్తారు.

ఇది చెప్పేది ఆ విజయాన్ని తక్కువ చేయడానికి కాదు. వాళ్ల తెలివి ఇంకోచోట ఉంది. ఓపెన్ వరల్డ్ జోలికి పోలేదు. ఊళ్ల మధ్య దూరాలను పాత జపనీస్ ఆర్‌పీజీల తరహాలో చిన్న బొమ్మల మ్యాప్‌గా కుదించారు. వంతులవారీగా దెబ్బ వేసే టర్న్ పద్ధతి పోరాటం పెట్టుకున్నారు. సొంత ఇంజిన్ (గేమ్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) కట్టకుండా రెడీగా దొరికే అన్‌రియల్ 5 తీసుకున్నారు. ఏది వదిలేయాలో మొదటే తేల్చుకున్నారు కాబట్టే మిగిలినదాన్ని అంత నిగారింపుగా చేయగలిగారు. ముప్పై అన్న అంకె ఒక్కటే పట్టుకుని ఇంకో స్టూడియో యజమాని తన టీమ్‌ను సగానికి కోస్తే వచ్చేది ఎక్స్‌పెడిషన్ 33 కాదు.

మాలాంటి వాళ్లకు ఈ అంకెలు ఇంకో రకంగా గుచ్చుకుంటాయి. హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లో చేసిన పని ఎన్నో పెద్ద గేముల్లో ఉంటుంది. క్రెడిట్స్‌లో కొన్నిసార్లు మా కంపెనీ పేరొక్కటే కనిపిస్తుంది, మనుషుల పేర్లు ఉండవు. విచర్ 3ని స్టూడియో లోపల చేసింది 240 మంది వరకు. బయటివాళ్లతో కలిపి చేయి వేసినవాళ్లు 1,500 అని ఆ సంస్థే చెప్పింది.

అపోహ: క్రౌడ్‌ఫండింగ్‌లో అడిగినదానికి మూడున్నర రెట్లు వచ్చిందంటే పండగే

పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీకి 2012లో ఆబ్సీడియన్ స్టూడియో కిక్‌స్టార్టర్‌లో అడిగింది 11 లక్షల డాలర్లు, వచ్చింది దాదాపు 40 లక్షలు. కానీ డబ్బు పెరిగేకొద్దీ వాగ్దానాలూ పెరిగాయి. రెండో పెద్ద నగరం, సొంత కోట, 15 అంతస్తుల నేలమాళిగ. చదివింపులు ఎక్కువొచ్చాయని పెళ్లి ఇంకో రెండు రోజులు పొడిగించినట్టు. మొదట 2014 ఏప్రిల్ అన్నారు, 2015 మార్చికి వచ్చింది. వచ్చిన డబ్బులోంచి కిక్‌స్టార్టర్ 5 శాతం, చెల్లింపుల ఖర్చులు కూడా పోతాయి. ముందే గీసిన 2డీ నేపథ్యాలు, కొన్ని మాటలకే గొంతు వంటి ఎంపికల వల్ల ఆ డబ్బు సరిపోయింది.

మన దగ్గర పరిస్థితి దీనికి తలకిందులు. పుణె వాళ్లు చేసిన 'రాజీ' ఆర్‌పీజీ కాదు, యాక్షన్ అడ్వెంచర్. అయినా మన పురాణాల ఫాంటసీ కాబట్టి చెబుతున్నాను. 2017లో దాని కిక్‌స్టార్టర్ లక్ష్యమే చేరలేదు. గేమ్ 2020లో బయటికొచ్చింది. "చిన్నగా ఉంది, తొందరగా అయిపోయింది" అన్నవాళ్లకు ఈ సంగతి తెలిసుండదు.

అపోహ: పాత రోజుల్లో గేములు పూర్తిగా తయారయ్యాకే వచ్చేవి

1996 నాటి డాగర్‌ఫాల్ ఆడినవాళ్లను అడగండి. బగ్‌లలో మునిగితేలి ప్యాచ్‌ల కోసం ఎదురుచూసిన కథలు వాళ్లే చెబుతారు.

అపోహ: పది లక్షల కాపీలు, ఒక్కోటి 60 డాలర్లు, అంటే ఆరు కోట్ల డాలర్ల లాభం

పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ మొదటి కోటి డాలర్ల అమ్మకాలపై 30 శాతం తీసుకుంటుంది, ఆపైన 25, ఐదు కోట్లు దాటితే 20. అన్‌రియల్ వాడితే మొదటి పది లక్షల డాలర్లు దాటాక 5 శాతం రాయల్టీ. పన్నులు, రీఫండ్లు, డిస్కౌంట్ సేల్స్, దేశాన్నిబట్టి తగ్గే ధరలు. పబ్లిషర్ ముందు తన పెట్టుబడి రాబట్టుకుంటాడు. పైగా మార్కెటింగ్ ఉంది. విచర్ 3కి అయిన మొత్తం 8.1 కోట్ల డాలర్లలో ప్రచారం వాటా చిన్నదేమీ కాదు.

అపోహ (ఇది మావాళ్లది): హైప్ ఆటగాళ్లే పెంచుకుంటారు, మేమేం చేస్తాం

ఇది మా రంగంలో వాళ్లు టీ తాగుతూ చెప్పుకునే మాట, నాకు చిరాకు తెప్పించేదీ ఇదే. ఫేబుల్ అనే ఫాంటసీ గేమ్ రాకముందు దాని రూపకర్త పీటర్ మాలిన్యూ, ఓక్ గింజ నాటితే అది చెట్టుగా ఎదగడం చూడొచ్చన్నాడు. 2004లో గేమ్ వచ్చింది, చెట్టు రాలేదు. ఆయనే బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆ చెట్టును ఊహించింది ఆటగాళ్లు కాదు.

ఫాంటసీ కాకపోయినా సైబర్‌పంక్ 2077 సంగతి ఇక్కడ రావాల్సిందే, విచర్ 3 వాళ్లదే కాబట్టి. 80 లక్షల ప్రీఆర్డర్లు. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చింది పీసీ వెర్షనే, పాత కన్సోళ్లలో ఎలా ఉందో ఎవరినీ చూడనివ్వలేదు. 2020 డిసెంబర్ 10న వచ్చిన గేమ్‌ను వారం గడిచేసరికి సోనీ తన స్టోర్‌లోంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఆ కన్సోళ్లపై గేమ్ ఎలా నడుస్తుందో లోపలివాళ్లకు తెలియకుండా ఉండదు. ఖర్చు లెక్క తేలకముందే మాటిచ్చి, తేలాక నోరు మెదపకపోవడాన్ని ఆటగాళ్ల ఆశ మీదకు నెట్టకూడదు.

అపోహ: తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టడానికి ఎంతవుతుంది, మెషీన్‌లో వేసి తీస్తే సరి

విచర్ 3లో నాలుగున్నర లక్షల పదాలున్నాయి. అనువాదం ఖర్చు అలా ఉంచండి. తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కలవాలంటే ఇంజిన్‌కు ఆ సత్తా ఉండాలి. అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తెలిసిన ఇంజిన్లలో ఒత్తు విడిపోయి పక్కకు పడుతుంది. ఇక హీరో ఆడా మగా అన్నది ఆటగాడే ఎంచుకునే గేముల్లో "వచ్చాడు", "వచ్చింది" అని ప్రతి ప్రస్తావనకూ రెండు వరుసలు రాయాలి. ఎవరు ఎవరిని మీరు అంటారో, నువ్వు అంటారో పాత్రలవారీగా పట్టిక ఉండాలి. తర్వాత తెలుగు చదవగలిగిన టెస్టర్లు గేమ్ మొత్తం ఆడాలి. ఇదేదీ అసాధ్యం కాదు. కానీ ఫాంట్ సంగతి ప్రీప్రొడక్షన్‌లోనే ఇంజిన్ టీమ్ పనుల్లో చేరాలి. విడుదలకు రెండు నెలల ముందు అడిగితే ఏ ప్రొడ్యూసరూ ఒప్పుకోడు, నేనైనా ఒప్పుకోను.