‘ఇంకా చెమట పడుతోంది కదా డాక్టరుగారూ’: కొండదారి పోటీల్లో వడదెబ్బపై అపోహలు - వాస్తవాలు

కొండపల్లి అడవి అంచున గానీ, కొండవీటి దారుల్లో గానీ స్నేహితులు కలిసి పెట్టుకునే ట్రెయిల్ రన్ (కొండదారి పరుగు), మౌంటెన్ బైక్ పోటీలకు వైద్య సహాయం కోసం వెళ్లే అత్యవసర విభాగపు వైద్యుణ్ణి నేను. కాలు బెణకడం, మోచేయి గీరుకుపోవడం, తుమ్మముల్లు దిగడం ఈ పోటీల్లో మామూలే కాబట్టి వాటి గురించి ఎవరికీ పెద్ద అపోహలు లేవు. ఉన్న అపోహల్లో ఎక్కువ భాగం వడదెబ్బ చుట్టూ అల్లుకున్నవే, వేళకు గుర్తించకపోతే మనిషి ప్రాణం తీసేదీ అదే. పడిపోయినవాడి పక్కన నిలబడి, “ఇంకా చెమట పడుతోంది కదా డాక్టరుగారూ, ఇది వడదెబ్బ ఎలా అవుతుంది?” అని అడిగేవారు ప్రతిసారీ ఉంటారు గనుక ఇది రాయవలసి వచ్చింది.

అపోహ: ఒళ్లు పొడిబారితేనే వడదెబ్బ; చెమట పడుతూ ఉంటే అది ఉత్త నీరసం.

వాస్తవం: మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన వడదెబ్బ రోహిణి కార్తెలో వడగాడ్పులకు ముసలివారికి, పసిపిల్లలకు తగిలేది, అందులో చర్మం పొడిగా ఉండవచ్చు. పరుగులోనూ సైకిల్ మీదా వచ్చేది వేరు. కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగానే మారుతుంది, ఆ వేడి బయటికి పోయే వేగం కన్నా లోపల పుట్టే వేగం ఎక్కువైతే ఆరోగ్యంగా ఉన్న ఇరవై అయిదేళ్ల కుర్రవాడికైనా, చెమట ధారలు కడుతుండగానే, లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది. దానికి తోడు మాట తడబడినా, అడుగు తూలినా, అకారణంగా కోపం వచ్చినా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బే. చెమట ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఒక అక్టోబరు ఉదయం, రాత్రంతా కురిసిన వాన వెలిశాక జరిగిన పోటీలో, పరుగు ముగించి సైకిల్ మీద సగం ఎత్తు ఎక్కివచ్చిన ఒక యువకుడు మా టెంటు దగ్గర దిగాడు. నిలబడే ఉన్నాడు, చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. హెల్మెట్ పట్టీ విప్పబోతుంటే వేళ్లకు క్లిప్పు అందడం లేదు. ఎలా ఉందని అడిగితే, “స్టార్ట్ ఎప్పుడన్నా?” అన్నాడు. నుదుటికి గురిపెట్టే థర్మామీటరు 37.6 చూపించేసరికి మిత్రులందరూ ఊపిరి పీల్చుకున్నారు. కారు వెనక సీట్లో పడుకోబెట్టి ఏసీ వేసుకుని విజయవాడ తీసుకుపోతామన్నారు. దుప్పటి అడ్డం పట్టి మలద్వారం ద్వారా చూస్తే 41 దాటి ఉంది. చెమటతో చల్లబడిన నుదుటి చర్మం లోపలి సంగతి చెప్పదు, చంకలో పెట్టిన థర్మామీటరూ చెప్పదు. సిగ్గుపడే సందర్భం కాదది.

ఇక అన్నిటికన్నా ఎక్కువ మూల్యం చెల్లింపజేసే రెండో అపోహ ఏమిటంటే, పడిపోయినవాణ్ణి ఎంత త్వరగా కారెక్కిస్తే అంత మంచిదన్నది. గుండెపోటుకో, పాము కాటుకో అది సరైన మాటే. వడదెబ్బలో మాత్రం మెదడు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం ఆ మనిషి ఎంతసేపు అంత వేడిలో ఉన్నాడన్నదాని మీద ఆధారపడుతుంది కాబట్టి, కొండ దిగి, ఇబ్రహీంపట్నం దాటి, గొల్లపూడి ట్రాఫిక్‌లో నిలిచి ఆసుపత్రి చేరేలోపు గడిచే సమయమే అతని శత్రువు. ముందు చల్లార్చాలి, తర్వాతే తరలించాలి. తొలి అరగంటలోనే ఉష్ణోగ్రత 39 దగ్గరకు దిగాలి.

ఆ రోజు మేము చేసింది గొప్ప వైద్యమేమీ కాదు. ధాన్యం మీద కప్పే టార్పాలిన్ పట్టా నేల మీద పరిచి, అతణ్ణి మధ్యలో పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులూ పైకెత్తి దొప్పలా పట్టుకుంటే, మిగతావాళ్లు ఐసు ఫ్యాక్టరీ నుంచి థర్మాకోల్ పెట్టెల్లో తెచ్చిన ఐసును పగలగొట్టి, క్యాను నీళ్లతో కలిపి ఛాతీ దాకా పోశారు. తల ఒకరు పట్టుకున్నారు, నీళ్లు ఆగకుండా కదుపుతూ ఉన్నారు. మొదట మమ్మల్ని నోటికొచ్చినట్లు తిట్టాడు, కాసేపటికి తన సైకిల్ ఎక్కడుందని అడిగాడు. ఆ ప్రశ్న వినగానే నాకు ధైర్యం వచ్చింది. 39కి దిగగానే బయటికి తీసి, తుడిచి, అంబులెన్సులో పంపించాము.

ఐసు నీళ్లలో ముంచితే రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే చిక్కుకుంటుందని, గుండె ఆగిపోతుందని ఒక వాట్సాప్ సందేశం ఏటా తిరుగుతుంది. అది పంపేవారికి నాదొక మనవి: అమెరికాలో సముద్రతీరాన, ఆగస్టు ఉక్కలో, దాదాపు 11 కిలోమీటర్ల ఫాల్మత్ రోడ్ రేసు జరుగుతుంది. పద్దెనిమిదేళ్ల కాలంలో అక్కడ నమోదైన 274 వడదెబ్బ కేసులను అక్కడికక్కడే చల్లని నీటి తొట్లలో ముంచి చికిత్స చేస్తే, అందరూ బతికారని 2015లో వైద్య పత్రికలో ప్రచురించారు. చల్లని నీటిలో ఉష్ణోగ్రత నిమిషానికి సుమారు 0.2 డిగ్రీల చొప్పున దిగుతుంది. నుదుటి మీద తడి గుడ్డ ఆ పని చేయలేదు. పారాసెటమాల్ అసలే చేయదు. ఇది ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన జ్వరం కాదు, పైగా అప్పటికే నలిగిన కాలేయానికి ఆ మాత్ర అదనపు భారం. జేబులో ఉల్లిపాయ పెట్టుకోవడం గురించి కూడా అడుగుతారు. పోటీ అయ్యాక దాన్ని చద్దన్నంలో నంజుకోండి.

“మనది బెజవాడ, మనకు ఎండ కొత్తా?” అనే ధీమా మరొకటి. వేడికి అలవాటు పడటం పుట్టిన ఊరిని బట్టి రాదు. పది నుంచి పద్నాలుగు రోజుల పాటు ఆ వేడిలో రోజూ శ్రమిస్తే వస్తుంది, మానేస్తే కొన్ని వారాల్లో పోతుంది. గుంటూరు మిర్చి యార్డులో మే నెలలో బస్తాలు మోసే హమాలీ శరీరానికి ఆ అలవాటు ఉంటుంది గానీ, ఏసీ గదిలో కూర్చుని, ట్రెడ్‌మిల్ మీద సాధన చేసి ఆదివారం పొద్దున కొండెక్కే మన శరీరానికి ఉండదు.

తెల్లవారుజామున మొదలుపెడితే భయం లేదనడమూ సగం నిజమే. మధ్యాహ్నం కన్నా మేలు, సందేహం లేదు. అయితే గాలిలో తేమ శాతం ఆ వేళకే రోజంతటిలో ఎక్కువగా ఉంటుంది, చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, కారిపోతే చల్లబడదు. సైకిల్ మీద గాలి తగులుతుంది కదా అంటారు. చదును దారిలో తగులుతుంది. గులకరాళ్ల ఎగుడులో నడక వేగంతో తొక్కుతున్నప్పుడు, నెత్తిన హెల్మెట్, వీపున నీళ్ల సంచి ఉన్నప్పుడు ఏ గాలీ ఆదుకోదు. పోటీ చిన్నదన్నది కూడా రక్షణ కాదు, ఎందుకంటే మారథాన్ కన్నా తక్కువ దూరాల్లోనే మనిషి ఎక్కువ వేగంతో పోతాడు. సరదా పోటీ అన్న మాట నన్ను ఇంకా భయపెడుతుంది: నిన్న రాత్రి విరేచనాలైనవాడు, రెండు రోజుల క్రితం జ్వరం తగ్గినవాడు, మిత్రులు వెక్కిరిస్తారని వచ్చి నిలబడేది అక్కడే.

నీళ్ల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ఎంత తాగితే అంత మంచిదనుకుని, దప్పిక లేకపోయినా ప్రతి మలుపులో సీసా ఖాళీ చేసేవారికి రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, చివరికి ఫిట్స్ రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన పరుగువీరుల్లో 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉన్నట్లు తేలింది. వేగంగా పోయేవారి కన్నా ఎక్కువసేపు దారిలో ఉండి ఎక్కువ తాగేవారికే ఈ ముప్పు. దప్పిక వేసినప్పుడు తాగండి. ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్టు మీద రాసినంత నీటిలోనే కలపండి, లీటరు ప్యాకెట్టును అరలీటరులో వేయకండి. పోటీకి ముందు “ముందుజాగ్రత్తగా” నొప్పి మాత్ర మింగడం దయచేసి మానండి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

వడదెబ్బతో సంబంధం లేని అపోహలు క్లుప్తంగా. నిటారు ఎగుడులో నడవడం ఓటమి కాదు, అనుభవజ్ఞులందరూ నడుస్తారు. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామన్నది దాన్ని ఒక్కసారిగా బిగించి, బరువంతా ముందుకు వేసేవారి విషయంలోనే నిజం. నడుము వెనక్కి జరిపి మెల్లగా పట్టండి, సైకిల్‌ను ఆపేది ప్రధానంగా అదే. టైరులో గాలి గట్టిగా ఉంటే రాళ్ల దారిలో పట్టు పోతుంది.

బీపీ మాత్రలు వాడుతున్నవారు, నలభై దాటినవారు, పిల్లల్ని పంపడానికి జంకే తల్లిదండ్రులు నాకు ఫోన్ చేసి, ఈ పోటీలకు రావచ్చా, పంపవచ్చా అని మొహమాటపడుతూ అడుగుతారు. మొహమాటం అక్కర్లేదు, అడగవలసిన ప్రశ్నే అది. మూత్రం ఎక్కువగా పోయించే రకం బీపీ మాత్రలు, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. వాటిని సొంతంగా మానేయకుండా మీ వైద్యుణ్ణి అడిగి, ఆయన చెప్పిన వేగంలోనే పాల్గొనండి. ఒకసారి వడదెబ్బ తగిలినవారు కనీసం వారం రోజులు ఏ వ్యాయామమూ చేయకూడదు. మూత్రపిండాలు, కాలేయం, కండరాల ఎంజైముల రక్తపరీక్షలు మామూలు స్థాయికి వచ్చాకే, చల్లని వేళ చిన్న నడకతో మొదలుపెట్టి, వేడిలో శ్రమను రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచుకోవాలి.