కోతి జ్వరం వెనక ఆవులు, అడవి అంచులు

కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో కోతి జ్వరం (పిడుదులు కుట్టడం వల్ల మనుషులకు సోకే క్యాసనూరు అడవి వ్యాధి) మాట వినబడగానే రెండు ప్రశ్నలు ముందుకొస్తాయి. టీకా ఎప్పుడొస్తుంది? చనిపోయినవారి కుటుంబానికి పరిహారం ఎంత? 2024 జనవరిలో మరణాలు నమోదైనప్పుడూ వీటి మీదే గొడవ నడిచింది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. కాకపోతే ఈ రోగం మనుషుల దాకా ఎలా వచ్చిందన్న ప్రశ్న వాటి వెనక పడిపోతోంది.

1957లో అదే జిల్లాలోని క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోవడం, పుణె పరిశోధకులు వైరస్‌ను పట్టుకోవడం చాలాసార్లు రాసిన సంగతులే. రష్యా వైపు ఉండే ఒక వైరస్‌తో దీనికి చుట్టరికం కనిపించడంతో, సైబీరియా నుంచి వలస పక్షులు మోసుకొచ్చాయేమోనని మొదట్లో అనుకున్నారు. పక్షుల మీద జరిగిన పరిశోధనలో అమెరికా సైన్యం డబ్బు ఉందని తెలిశాక 1970ల్లో పెద్ద దుమారమే లేచింది. ఆ కథకు దక్కినంత ప్రచారం అసలు కారణం చెప్పిన మనిషికి దక్కలేదు.

ఆయన జార్జ్ బోషెల్, కొలంబియా డాక్టర్. తన దేశంలో కట్టెలు కొట్టేవాళ్లు చెట్టు పడగొట్టగానే, కొమ్మల మీద ఉండే దోమలు కిందికి దిగి వాళ్లను ముసురుకోవడం చూశాడు. అడవిలో ఎల్లో ఫీవర్ ఎలా అంటుకుంటుందో అలా తెలిసింది. అదే కన్నుతో ఆయన కర్ణాటక పశ్చిమ కనుమల ప్రాంతమైన మలెనాడును చూశాడు. 1969లో తాను కనిపెట్టింది రాశాడు: వైరస్ బయటి నుంచి వచ్చిందేమీ కాదు. అడవిలో ఎలుకల మధ్య, పిడుదుల మధ్య చాలాకాలంగా గుట్టుగా ఉంది. దాన్ని మనుషుల దాకా తెచ్చింది అడవి అంచున వచ్చిన మార్పు. జనం పెరిగారు, చెట్లు కొట్టి పొలాలు చేశారు, పశువులను అడవిలోకి తోలారు.

మన దగ్గర గోమార్లు అని కూడా పిలిచే ఈ పిడుదులకు ఎదిగిన దశలో పెద్ద జంతువు రక్తం కావాలి. పెద్ద జంతువులు అరుదుగా తిరిగే చోట ఊరి మంద వచ్చి నిలబడితే వాటికి పండగే. ఆవు నుంచి వైరస్ మనిషికి రాదు, కానీ ఆవు పిడుదులను లెక్కకు మించి పెంచి పోషిస్తుంది. వాటి పిల్లలు ఎలుకలను, కోతులను, కొండముచ్చులను, మనుషులను పట్టుకుంటాయి. కోతి చచ్చిపోయాక ఒంటి మీదున్నవన్నీ అక్కడే రాలతాయి. రోగం పేరు మోస్తున్న కోతి కూడా దానికి బలయ్యేదే.

బోషెల్ మాటకు రుజువు కావాలంటే దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలోని నిడ్లె చూడాలి. 1982లో అక్కడ జీడి తోటల కోసం రిజర్వు అడవి నరికారు. కొద్దికాలానికే జ్వరం అంటుకుంది, ఆ ఏడాదీ మరుసటేడూ కలిపి కేసులు వెయ్యి దాటాయి. అడవి నరికినందుకు దైవానికి కోపం వచ్చిందని ఊళ్లో కొందరన్నారు. శాస్త్రవేత్తలు చెప్పింది దానికి మరీ దూరమేం కాదు. 1987లో మార్క్ నిక్టర్ అనే మానవ శాస్త్రవేత్త దీన్ని అభివృద్ధి తెచ్చిన రోగం అనేశాడు. 2015లో గోవాలో రోగం బయటపడినప్పుడు కూడా బాధితుల్లో జీడి తోటలకు వెళ్లినవాళ్లే ఎక్కువ.

ఆరోగ్య శాఖ వాదన వేరు. అడవిలోకి వెళ్లకండి, వెళ్తే పిడుదులు పట్టకుండా ఒంటికి నూనె రాసుకోండి, కోతి చచ్చిపోతే కబురు చెప్పండి అంటుంది. సలహా మంచిదే. కానీ జనవరి నుంచి మే దాకా పిడుదు పిల్లలు విరివిగా ఉంటాయి. పోక తోటలకు ఎండుటాకు ఊడ్చుకొచ్చేదీ, వంటకు కట్టెలు తెచ్చుకునేదీ ఆ రోజుల్లోనే. కూలికి పోయేవాళ్లకు అడవికి వెళ్లకపోవడమంటే పని మానుకోవడమే. 2019లో వరుస మరణాలు చూసిన అరళగోడు శరావతి లోయలో ఉంది. 1964లో పూర్తయిన లింగనమక్కి డ్యామ్ కోసం ఆ లోయ నుంచి కదిలించిన కుటుంబాలను అడవి భూముల్లో పెట్టారు. పట్టాల కోసం ఆ కుటుంబాల పోరాటం దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. అడవి అంచుకు వాళ్లు సరదాకి పోలేదు.

ఇక టీకా. పాతది సూది వేస్తే భరించలేని నొప్పి అని చాలామంది రెండో డోసుకు రాలేదు. రెండు డోసులు వేసుకున్నా రక్షణ 62 శాతమేనని ఒక అధ్యయనం తేల్చింది. 2022లో దాన్ని ఆపేశారు. ఇప్పుడు కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ కొత్తది తయారు చేస్తోంది. అది పనిచేస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి, అందులో అనుమానం లేదు.

అయితే అదే శరావతి లోయలో, సింగళీకాల (సింహపు తోక కోతుల) అభయారణ్యంలో, నీటిని పైకి తోడి మళ్లీ కిందికి వదిలి కరెంటు తీసే 2,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు మీద వివాదం నడుస్తోంది. వేల చెట్లు పోతాయి, రోడ్లు పడతాయి, కూలీలు దిగుతారు. వాళ్ల గుడారాలు ఎక్కడ వేస్తారు, పశువులు ఎటు మళ్లుతాయి, డిసెంబరు లోపు ఎవరెవరికి టీకా వేస్తారు అన్నవి అనుమతి పత్రాల్లోనే రాసి ఉండాలి. నిడ్లెలో ఆ లెక్క ముందుగా ఎవరూ వేయలేదు.