ఒకే ఆరోగ్య సేవ, ఎవరి లైబ్రరీ వారిది: ఉమ్మడి వ్యవస్థ ఆలస్యం వెనుక కథ

ఇంగ్లండ్‌లో మెడిసిన్ పూర్తి చేసిన కొత్త డాక్టర్లు ఏటా ఆగస్టు మొదటి బుధవారం డ్యూటీలో చేరతారు. మొదటి రెండేళ్లు సాధారణంగా నాలుగేసి నెలలకు విభాగం మారుతుంది, కొందరికి ఆసుపత్రే మారిపోతుంది. ఎక్కడున్నా వాళ్లు పనిచేసేది జాతీయ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లోనే. అయినా లైబ్రరీ వ్యవస్థలు వేర్వేరుగా ఉన్నచోట మళ్లీ సభ్యత్వ ఫారం నింపాలి, కొత్త కార్డు తీసుకోవాలి. తనకు కావలసిన పుస్తకం పక్క ఊరి ఆసుపత్రి అరలో ఖాళీగా ఉన్నా ఇక్కడి కంప్యూటర్‌లో కనిపించదు. ఆరోగ్య లైబ్రరీలన్నిటికీ ఒకే నిర్వహణ వ్యవస్థ ఉండాలనే మాట గట్టిపడింది ఇలాంటి ఇబ్బందుల వల్లే. ఒక సాఫ్ట్‌వేర్ కొని అందరికీ ఇస్తే సరిపోయేదానికి ఇంత కాలం ఎందుకు పట్టిందంటే, ఈ లైబ్రరీలు పుట్టి పెరిగిన తీరు చూడాలి.

ఎన్‌హెచ్‌ఎస్ 1948 జులై 5న మొదలైంది. లైబ్రరీల కోసం అప్పుడు ప్రత్యేకంగా ప్రణాళిక వేసినవాళ్లు లేరు. 1961లో ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కాలేజీలో డాక్టర్ల పోస్ట్‌గ్రాడ్యుయేట్ చదువుపై సమావేశం జరిగింది. ఆ ఊపులో జిల్లా ఆసుపత్రుల్లో శిక్షణ కేంద్రాలు కట్టారు, వాటిలో పుస్తకాలకూ చోటిచ్చారు. నర్సింగ్ స్కూళ్లకు మాత్రం తమ లైబ్రరీలు తమకే ఉండేవి. అంటే ఒకే ఆవరణలో డాక్టర్లకు ఒకటి, నర్సులకు ఒకటి. ప్రాజెక్ట్ 2000 అనే సంస్కరణతో 1990లలో నర్సింగ్ చదువు యూనివర్సిటీలకు వెళ్లింది. నర్సింగ్ పుస్తకాల్లో కొన్ని ఆ చదువు వెంట వెళ్లాయి, మిగిలినవి ఆసుపత్రి లైబ్రరీలో కలిశాయి.

సరిగ్గా ఆ సమయంలోనే ఇంకో పెద్ద మార్పు వచ్చింది. 1990 నాటి చట్టంతో 1991 నుంచి ఆసుపత్రులు ట్రస్టులుగా, అంటే తమ నిర్వహణ తామే చూసుకునే సంస్థలుగా మారాయి. ఎవరి బడ్జెట్ వారిది, ఎవరి కొనుగోళ్లు వారివి. లైబ్రరీలు కార్డు క్యాటలాగులు (ఒక్కో పుస్తకం వివరాలు ఒక్కో కార్డు మీద రాసుకునే జాబితాలు) వదిలి కంప్యూటర్లకు మారుతున్న రోజులు కూడా అవే. అంటే కంప్యూటర్ వ్యవస్థ కూడా ఎవరిది వారిదే అయింది. ఈ రెండూ కలిసి రావడమే నేటి చిక్కుకు అసలు మూలమని నా అభిప్రాయం. ఒక పదేళ్లు ముందో వెనకో జరిగి ఉంటే కథ వేరుగా ఉండేది.

ప్రాంతీయ స్థాయిలో కలిసి పనిచేయాలని లైబ్రేరియన్లు ప్రయత్నించకపోలేదు. నైరుతి ఇంగ్లండ్ లాంటి చోట్ల ఉమ్మడి క్యాటలాగులు నిలబడ్డాయి కూడా. అయితే వాళ్ల కాళ్ల కింద నేల కదులుతూనే ఉంది. ప్రాంతీయ ఆరోగ్య సంస్థలను 1996లో రద్దు చేశారు. 2002లో 28 వ్యూహాత్మక ఆరోగ్య సంస్థలు వచ్చాయి, 2006లో వాటిని 10కి కుదించారు, 2013లో అవీ పోయాయి. హద్దులు మారిన ప్రతిసారీ ఎవరు ఎవరితో కలవాలి, డబ్బు ఎవరివ్వాలి అన్నది మళ్లీ మొదటికొచ్చేది.

లైబ్రరీలు కలిసి ఒకే కంప్యూటర్ వాడుకోవడం అనే ఆలోచనను ముందుగా పట్టుకున్నవాళ్లలో వైద్య లైబ్రరీలవాళ్లున్నారు. ఫ్రెడరిక్ కిల్గోర్ అమెరికాలోని యేల్ వైద్య లైబ్రరీకి అధిపతి. 1960ల తొలినాళ్లలోనే కొలంబియా, హార్వర్డ్, యేల్ వైద్య లైబ్రరీల క్యాటలాగులను కంప్యూటర్‌కెక్కించే ప్రయత్నంలో ఆయన ఉన్నారు. అది ఎక్కువ కాలం సాగలేదు. 1967లో ఆయన ఒహాయో వెళ్లి 54 కాలేజీల లైబ్రరీలకు ఉమ్మడి కేంద్రం నిర్మించడం మొదలుపెట్టారు. 1971 ఆగస్టు 26న అది ఆన్‌లైన్‌లో పనిచేయడం మొదలైంది. నేడు ప్రపంచమంతా తెలిసిన ఓసీఎల్‌సీ అదే. ఒక పుస్తకం వివరాలను ఒక్కరు రాస్తే మిగతా అందరూ వాడుకోవడం దాని సూత్రం. అందుకు అందరూ ఒకే పద్ధతిలో రాయాలి. ఆ పద్ధతిని, అంటే మార్క్ ఫార్మాట్‌ను, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రమ్ అప్పటికే తయారుచేశారు.

ఇంగ్లండ్ ఆసుపత్రి లైబ్రరీల్లో కొరవడింది ఆ ఒకే పద్ధతే. గుండె జబ్బుల పుస్తకాన్ని అమెరికా జాతీయ వైద్య లైబ్రరీ వర్గీకరణ వాడేచోట డబ్ల్యూజీ కింద పెడతారు, అంకెలతో విషయాలను విభజించే డ్యూయీ వర్గీకరణ వాడేచోట అదే పుస్తకం 616.12లో ఉంటుంది. వీటికి తోడు దక్షిణ ఇంగ్లండ్‌లోని వెసెక్స్ ప్రాంతంలో బ్రిటన్ అవసరాలకు తగ్గట్టు మార్చుకున్న వర్గీకరణ ఒకటి. ఒకరు విషయ శీర్షికగా ‘హార్ట్ ఎటాక్’ అని రాస్తే మరొకరు అదే జబ్బును వైద్య పరిభాషలో ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ అంటారు. 2007 జనవరి నుంచి పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ 10 అంకెల నుంచి 13 అంకెలకు మారింది. దాంతో పాత నంబరుతో ఒకచోట, కొత్త నంబరుతో మరోచోట నమోదైన ఒకే పుస్తకాన్ని కంప్యూటర్ రెండుగా లెక్కేస్తుంది. రెండు లైబ్రరీలు బార్‌కోడ్‌లను ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి ఉంటే కలిపిన రోజే నంబర్లు ఢీకొంటాయి.

ఇందులో ఎక్కువ భయపెట్టేది ఎడిషన్ల సంగతి. మందుల మోతాదులు చెప్పే బ్రిటిష్ నేషనల్ ఫార్ములరీ అచ్చు ప్రతి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. రికార్డులు కలిపేటప్పుడు ఎడిషన్ వివరం తొలగిపోతే డాక్టర్ చేతికి పాత మోతాదులున్న ప్రతి వెళ్లొచ్చు. అందుకే ఈ పనిని పూర్తిగా మెషీన్‌కు వదిలేయకూడదు, అనుమానం వచ్చిన ప్రతి రికార్డునూ మనిషి చూడాలి.

మనుషుల మధ్య తేలాల్సినవీ ఉన్నాయి. ఎన్ని వారాలకు పుస్తకం ఇవ్వాలి, ఆలస్యమైతే జరిమానా వేయాలా వద్దా అన్నది ఒక్కో లైబ్రరీలో ఒక్కోలా ఉంటుంది. 2018 డేటా రక్షణ చట్టం తర్వాత సభ్యుల వివరాలను ట్రస్టులు పంచుకోవాలంటే బాధ్యత ఎవరిదో స్పష్టంగా రాసుకోవాలి. ఒక్క లైబ్రేరియనే అన్నీ చూసుకునే చిన్న చోట్ల రోజువారీ పని ఆపి పాత రికార్డులు దిద్దడానికి తీరికెక్కడిది? ఈ శ్రమకు బడ్జెట్‌లో చోటు ఇవ్వకుండా ఉమ్మడి వ్యవస్థ ప్రకటించడం ఆ ఉద్యోగులకు అన్యాయం.

2008లో పీటర్ హిల్ సమీక్ష ఇంగ్లండ్ ఆరోగ్య లైబ్రరీలను జాతీయ దృష్టితో పరిశీలించింది. 2014లో వచ్చిన ‘నాలెడ్జ్ ఫర్ హెల్త్‌కేర్’ విధానం ఒకే పనిని పదిచోట్ల చేయడం తగ్గించాలంది. ఈలోగా వేల్స్ ముందుకు వెళ్లింది. అక్కడి యూనివర్సిటీలు, జాతీయ గ్రంథాలయం, ఎన్‌హెచ్‌ఎస్ లైబ్రరీలు కలిసి 2015లో ఒకే వ్యవస్థను ఎంచుకుని, 2016కల్లా అందులోకి మారాయి. వేల్స్‌కు కలిసొచ్చినవి రెండు: దేశం చిన్నది, ఎన్‌హెచ్‌ఎస్ లైబ్రరీలకు అక్కడి కార్డిఫ్ యూనివర్సిటీతో ముందే అనుబంధం ఉంది.

ఇంగ్లండ్‌లో ఇప్పుడు జర్నళ్లు, ఈ-బుక్కులు, లైబ్రరీల పుస్తకాలు ఒకేచోట వెతికే జాతీయ హబ్ ఉంది. పైన కనిపించేది ఒకే పెట్టె అయినా పుస్తకం ఏ లైబ్రరీ అరలో ఉందో చెప్పడానికి అది కింది క్యాటలాగుల మీదే ఆధారపడాలి. ఆ క్యాటలాగులు కలిసే కొద్దీ ఒప్పందాల్లో తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఒక ట్రస్టు బయటకు వెళ్తే దాని రికార్డులు ఎవరివి, సరఫరా కంపెనీ మారితే ఆ డేటా పూర్తిగా చేతికొస్తుందా.