శాండ్‌పేపర్ వెనక ఏముండాలి?

ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపురం తీరంలో ఇసుక నుంచి ఇల్మెనైట్, జిర్కాన్‌లతో పాటు గార్నెట్ అనే ఎర్రటి ఖనిజాన్ని కూడా వేరు చేస్తారు. చెక్కను రుద్దే శాండ్‌పేపర్‌కు అతికించే రేణువుల్లో గార్నెట్ ఒకటి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు సొంతంగా పీటో, బల్లో చేసుకునే మన తెలుగువాళ్లు షాపులో కాగితం నంబరు అడుగుతారు గానీ, దాన్ని చుట్టి పట్టుకునే ప్యాడ్‌ను అంతగా పట్టించుకోరు. నునుపులో సగం వంతు ప్యాడ్‌దే అని నా నమ్మకం.

కాగితాన్ని చేత్తో పట్టుకుని రుద్దితే బలమంతా మూడు నాలుగు వేలికొసల కిందే పడుతుంది. అక్కడ చెక్క ఎక్కువ అరిగి లోతు తక్కువ గుంటలు పడతాయి. పాలిష్ వేశాక, పక్క నుంచి వెలుతురు పడితే అవి స్పష్టంగా కనిపిస్తాయి. చదునైన గట్టి ప్యాడ్ అయితే ముందు ఎత్తైన చోట్లనే తాకుతుంది, వాటినే అరగదీస్తుంది. అలా తలం సమం అవుతుంది.

మెత్తని స్పాంజి ప్యాడ్ ఇందుకు పనికిరాదు. చెట్టు ఏటా పెరిగే కాలం మొదట్లో వేసుకునే చెక్క మెత్తగా, ఆ తర్వాత వేసుకునేది గట్టిగా ఉంటుంది. పైన్‌లో ఈ తేడా చాలా ఎక్కువ. ప్యాకింగ్ పెట్టెలు విప్పి చవగ్గా అమ్మే పైన్ పలకను స్పాంజితో రుద్ది చూడండి. స్పాంజి మెత్తని చారల్లోకి దిగి వాటినే తినేస్తుంది, గట్టి చారలు ఉబ్బెత్తుగా మిగిలిపోతాయి. ఎంత రుద్దితే అంత అలలు. కుర్చీ చేతులు, గుండ్రటి కాళ్ల లాంటి వంపులకు మాత్రం స్పాంజే మేలు.

బల్ల చెక్కకు నేను కొనమని చెప్పను, చేసుకోమంటాను. మామూలు శాండ్‌పేపర్ షీటు 9 అంగుళాలు, 11 అంగుళాలు. నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి నాలుగున్నర, ఐదున్నర. కాబట్టి నాలుగున్నర అంగుళాల పొడవు, మూడు అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న చెక్కముక్కను అడుగున బాగా చదునుగా చిత్రిక పట్టి, పలుచని కార్క్ షీటో, పాత సైకిల్ ట్యూబు ముక్కో అతికిస్తే చాలు. ఆ పలుచని పొర చిన్న చిన్న ఎగుడుదిగుళ్లను సర్దుకుని, కాగితం త్వరగా చిరగకుండా కాపాడుతుంది. కాగితాన్ని అంటించి పీకేసేలా ఉండే వెల్క్రో ప్యాడ్‌లు సులువే. కానీ వాటికి సరిపోయే కాగితం మీ ఊళ్లో దొరకకపోతే ప్యాడ్ ఎంత చవకైనా దండగే.

మిగిలిన డబ్బు కాగితం మీద పెట్టండి. టేకులో సిలికా ఉంటుంది, అది ఉలినీ చిత్రికనూ కూడా మొద్దుబారుస్తుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద గార్నెట్ కాఠిన్యం దాదాపు 7, శాండ్‌పేపర్‌కు వాడే మరో రేణువు అల్యూమినియం ఆక్సైడ్‌ది 9. అందుకే టేకుకు రెండోదే ఎక్కువ కాలం ఆగుతుంది. కాగితం నంబరు పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది: పి80 కాగితంలో రేణువు సుమారు 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పి120లో 125, పి180లో 80, పి240లో 58. పి80 నుంచి ఒకేసారి పి240కి వెళ్తే, పెద్ద రేణువులు చేసిన గీతల్ని చిన్నవి తుడవడానికి గంటలు పడుతుంది. 80, 120, 180, 240 వరుసలో వెళ్తే మొత్తం మీద కాగితమూ శ్రమా మిగులుతాయి. చివరి నంబరు నార వెంబడే రుద్దాలి, అడ్డంగా పడ్డ గీతల్లో పాలిష్ ఇంకి నల్లగా తేలుతుంది.

సముద్రపు తేమ ఉన్న బరంపురం లాంటి చోట జంతువుల జిగురుతో చేసిన కాగితం వానాకాలంలో మెత్తబడి రేణువులు రాలుస్తుంది. రెజిన్ అనే రసాయన జిగురుతో అతికించినది అడిగి తీసుకోండి, మూత గట్టిగా ఉండే డబ్బాలో దాచండి.

ఇక దుమ్ము. చెక్క దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. చేత్తో రుద్దినా ఆ దుమ్ము గాల్లో తేలుతుంది. వసారాలోనో పెరట్లోనో, ఎన్95 మాస్కు పెట్టుకుని పని చేయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.